మట్టి అడుగున పూదోట

తెలుగు భాష నుండి ఆంగ్లానికి చేరిన మాటలు బహు కొద్ది. వాటిలో అన్నింటికంటె దూరం ప్రయాణించినది ఏ కావ్యశాస్త్రానికో, ఏ కళకో సంబంధించిన పదం కాదు, అది ‘పందికొక్కు’. కొక్కు అంటే ఎలుక. దేహపుష్టిలోను, బెదిరినప్పుడు చేసే గుర్రుగుర్రుమనే ధ్వనిలోను పందిని తలపిస్తుంది కనుక దానికి ఆ పేరు వచ్చింది. తెలుగు తీరానికి వర్తకానికి వచ్చిన ఆంగ్లేయులు ఆ మాటను తమ నోటికి అనువుగా మలచుకొని ‘బ్యాండికూట్’ అన్నారు. 18వ శతాబ్దం ముగిసే నాటికి ఆ మాట ఓడలెక్కి ఆస్ట్రేలియా చేరింది. అక్కడ కడుపు సంచిలో పిల్లలను మోసే ఒక చిన్న జంతువుకు, ఎలుక జాతితో దానికి ఏ చుట్టరికమూ లేకపోయినా, అదే పేరు స్థిరపడిపోయింది. జంతుశాస్త్రజ్ఞులు సైతం మన పందికొక్కుల ప్రజాతికి ‘బాండికోటా’ అనే నామకరణం చేశారు. మాట ఖండాలు దాటింది గాని, ఆ మాటకు మూలమైన ప్రాణి మాత్రం నెల్లూరు సీమలోని వరిగట్లను, ఇళ్ళ పెరళ్ళను వదిలిపెట్టలేదు.

బిట్రగుంటలో ఒక పెరటి తోటను అది ఒక కార్తికమాసంలో తవ్విపోసింది.

బిట్రగుంట, కావలికి నెల్లూరుకు నడుమ విజయవాడ–చెన్నై రైలుమార్గం మీద ఉన్న ఊరు. ఆవిరి యంత్రాల కాలంలో పేరుపడ్డ రైల్వే స్థావరం. ఇంజన్లకు ఆశ్రయమైన లోకోషెడ్డు, దానిని ఆనుకొని సిబ్బంది నివాసాలు, వాటి నడుమ నీడనిచ్చే పెద్ద చెట్లు, వేళాపాళా లేని ఈలలు ఆ ఊరికి ఒక ప్రత్యేకతను తెచ్చిపెట్టాయి. తెలుగు, తమిళ కుటుంబాల సరసనే ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు కాపురం ఉండేవి. విద్యుత్తు ఇంజన్లు వచ్చి ఆవిరి ఇంజన్లు మూలపడ్డాక ఆ సందడి తగ్గింది. ఆంగ్లో ఇండియన్లలో పలువురు విదేశాలకు తరలిపోయారు. వారు వెళ్ళిపోయినా వారి తోటలలోని మొక్కలు కొన్ని ఇరుగుపొరుగు పెరళ్ళలో నిలిచిపోయాయి.

ఆ కాలనీలో ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరుగా పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఆ తరువాత ఆ ఊరిలోనే ఇల్లు కట్టుకొని స్థిరపడ్డారు. తోట ఆయనది కాదు, ఆయన భార్యది. రాత్రనక పగలనక ఇంజను మీద గడిపిన మనిషికి పెరటిలో ఏ మొక్క ఎప్పుడు పూస్తుందో తెలిసే అవకాశం తక్కువ. క్వార్టర్సులో ఉన్న రోజులలో పక్కింటి ఆంగ్లో ఇండియన్ ఇల్లాలు, కుటుంబంతో ఆస్ట్రేలియాకు ప్రయాణమవుతూ, తన తోటలోని దుంపలను ఒక పాత పాలపొడి డబ్బాలో వేసి ఆమె చేతికిచ్చింది. వాటిలో కొన్ని వాన లిల్లీలు, ఒకే ఒక్కటి మే పువ్వు. ఆ ఒక్క దుంపే ముప్పై ఏళ్ళకు పైబడి పిల్లలు వేస్తూ, పెళ్ళిళ్ళయిన ఆడపిల్లల అత్తవారిళ్ళకు, చుట్టుపక్కల వారికి పంచగా పంచగా, పెరటిలో ఆమె కోసం అయిదుగా మిగిలింది. ప్రతి సంవత్సరం మొదటి పువ్వు విచ్చిన తేదీని ఆమె గోడ క్యాలెండరు మీద సున్నా చుట్టి గుర్తుపెట్టేది. పాత క్యాలెండర్లను పారవేయనిచ్చేది కాదు.

ఈ మొక్కల స్వభావం కొంత తెలుసుకోవాలి. ఉల్లిగడ్డ వలె పొరలు పొరలుగా ఉండి, ఆహారాన్ని దాచుకొనే భూగర్భ కాండాన్ని వృక్షశాస్త్రం ‘లశునం’ అంటుంది. సంస్కృతంలో లశునం అంటే వెల్లుల్లి. ఒక వంటింటి దినుసు పేరు శాస్త్రంలో ఒక వర్గమంతటికీ చెల్లింది. వాడుకలో మాత్రం ఇవన్నీ మనకు గడ్డలే, దుంపలే. చలిదేశాలలో ఇటువంటి మొక్కలు మంచు కురిసే నెలలలో మట్టి కింద నిద్రించి వసంతంలో పూస్తాయి. అందుకే అక్కడివారికి వసంతం అనగానే తులిప్ పువ్వులు, డాఫడిల్ పువ్వులు గుర్తుకువస్తాయి. మన వసంతం అటువంటిది కాదు. అది చెట్ల పండుగ. మామిడికి, వేపకు, కానుగకు చెందిన కాలం. నేలను అంటి ఉండే దుంపమొక్కలకు మన ఎండలే శీతాకాలం. రోళ్ళు పగిలే రోహిణి కార్తెకు ముందో వెనుకో ఒక జల్లు పడితే, ఆ జల్లే వాటికి వసంతం.

వాన లిల్లీకి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘జెఫిరాంథస్’. గ్రీకుల పురాణాలలో జెఫిరస్ పడమటి గాలికి అధిదేవత. ఆ దేశంలో పడమటి గాలి చల్లనిది, పూలను పూయించేది. నెల్లూరు సీమలో వేసవినాటి పడమటి గాలి అంటే వడగాలి! పేరు పెట్టినవారు ఒక్క మే నెల ఈ తీరంలో గడిపి ఉంటే మరొక దేవతను వెదుక్కొనేవారు. అమెరికా ఖండాలకు చెందిన ఈ పువ్వు, ఎండకు బెదరక, వాన కురిసిన కొద్ది రోజులకే గులాబి రంగులోనో తెలుపులోనో నేలంతా విచ్చుకొంటుంది. మే పువ్వు పుట్టిల్లు ఆఫ్రికా. ఆకు పూర్తిగా విచ్చకముందే మట్టిలో నుండి ఒక లావుపాటి కాడ లేస్తుంది. దాని కొసన నూరు వరకు సన్నని ఎర్రపూలు ఒకే బంతిగా అమరుతాయి. సంవత్సరంలో ఒకసారి, వారం పది రోజులు. ఆ తరువాత ఆకులు మాత్రమే. వానకాలం వెళ్ళేసరికి ఆ ఆకులు కూడా ఎండిపోయి, అక్కడ మొక్క ఉన్నదనే గుర్తు కూడా మిగలదు.

ఆ గుర్తు మిగలని గుణమే పెద్దాయనకు పరీక్ష అయింది.

భార్య శ్రావణమాసంలో కాలం చేసింది. కార్తికంలో ఈశాన్య ఋతుపవనం బలంగా వచ్చింది. నెల్లూరు తీరానికి సంవత్సరంలోని వానలో అధికభాగం ఈ ఋతువులోనే కురుస్తుంది. పొలాలు నీటమునిగినప్పుడు కన్నాలలోని ఎలుకలు, పందికొక్కులు మెరకలు వెదుక్కొంటూ గట్లకు, గట్ల నుండి ఇళ్ళకు చేరడం ఇక్కడి రైతులందరూ ఎరిగినదే. ముసురు వెలిసిన ఒక ఉదయం ఆయన పెరటిలోకి వెళ్ళేసరికి పూలమడి మడిగా లేదు. నేలసంపెంగ వరుస మొత్తం పెకలించబడి ఉంది. తట్టెడు తట్టెడు మట్టి కుప్పలుగా పైకి వచ్చింది. మే పువ్వు ఉండవలసిన చోట పిడికిలి దూరే గోతులు. పసుపుపచ్చగా మారిన రెండు ఆకులు మాత్రం బురదలో పడి ఉన్నాయి.

పూలకు ప్రాణం పెట్టే మనిషి పోయిన మూడు నెలలకే పూలమడి పోవడం ఆయనను కుంగదీసింది. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. కూతురి కొడుకు సెలవులకు వచ్చినప్పుడు, తాత పెరటి వైపు వెళ్ళడం మానివేసిన సంగతి గమనించి, తానే వెళ్ళి చూసి వచ్చాడు. ఇంటర్మీడియెట్‌లో బై.పి.సి. చదువుతున్న కుర్రవాడు.

“తాతా, మందు పెడదాం. జింక్ ఫాస్ఫైడ్ నూకలలో కలిపి పెడితే నాలుగు రోజులలో ఒక్కటి కూడా మిగలదు” అన్నాడు.

మనవడు చెప్పినది రైతులు చేసే పనే. నల్లని ఆ పొడి ఎలుక కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువును విడుదల చేస్తుంది. అయితే ఆ చావు అక్కడితో ఆగదు. విషం తిన్న ఎలుకను పిల్లి తింటే దానికీ ప్రమాదమే. పెద్దాయనకు రసాయనశాస్త్రం తెలియదు గాని, మూతపడిన పాత క్వార్టర్సు అటక మీద కాపురమున్న తెల్లముఖం గుడ్లగూబల జంట సంగతి తెలుసు. రాత్రి డ్యూటీల కాలం నుండి అవి ఆయనకు పరిచయం. గుడ్లగూబ అరిస్తే కీడని భయపడేవారు మనలో ఎందరో ఉన్నారు. అది తన జీవితకాలంలో ఎన్ని బస్తాల ధాన్యాన్ని మనకు మిగులుస్తుందో లెక్కగట్టిన వారు తక్కువ. మలేషియాలోని ఆయిల్ పామ్ తోటలలో ఎలుకల బెడద తగ్గించడానికి ఈ జాతి గుడ్లగూబలకే పెట్టెగూళ్ళు కట్టి పెంచుతున్నారు.

“వద్దు నాయనా. మీ అమ్మమ్మ ఉండగా ఈ పెరటిలో విషం చల్లలేదు” అని మాత్రం అన్నారు ఆయన.

మరునాడు ఒక యానాది పెద్దను పిలిపించారు. నెల్లూరు జిల్లాలో యానాదులు అధిక సంఖ్యాకులైన గిరిజనులు. వరిపొలాలలో ఎలుకలను పట్టడం వారికి తరతరాల విద్య. కన్నాన్ని చూసి, లోపల ఉన్నది ఎలుకో పందికొక్కో, పామో చెప్పగలవారు వారు. వచ్చిన మనిషి పెరడంతా ఒకసారి కలయదిరిగి, తాజా మట్టి ఉన్న కన్నాలను వేరు చేసి, ఒకదాని నోట గడ్డి కూరిన కుండను బోర్లించి ఊదర పెట్టాడు. కుండ అడుగున రంధ్రంలో నుండి నోటితో ఊదుతూ పొగను కన్నంలోకి పంపడం వినడానికి తేలిక. ఆ ఊపిరి ఎంత నిలకడగా ఉండాలో చూసినవారికే తెలుస్తుంది. గోడవారన మరో రెండు చోట్ల పొగ లేచింది. అక్కడ వల పన్నిన అతని కొడుకు చేతికి మూడు పందికొక్కులు చిక్కాయి.

ఆ తరువాత అతడు కన్నాన్ని తవ్వాడు. కుర్రవాడు పక్కనే గొంతుకూర్చున్నాడు. మూరెడు లోతున సొరంగం చీలి, ఒక కొస గూటికి, మరొక కొస కొట్టుగదికి దారి తీసింది. కొట్టులో వరికంకులు, వేరుశనగ కాయలు, వాటితో పాటు సగం సగం కొరికిన నేలసంపెంగ దుంపలు ఉన్నాయి. మే పువ్వు దుంపలు అక్కడ లేవు.

“ఇదిగోనయ్యా, ఇవి దానికి పనికిరాలేదు” అంటూ అతడు సొరంగం వంపులో నుండి రెండు గడ్డలను తీసి ఇచ్చాడు. ఒక్కొక్క దాని మీద ఒకే ఒక్క కాటు. గాటు పడిన చోట ఎండి గోధుమరంగుకు తిరిగింది. కొరికి, రుచి చూసి, వదిలివేసి పోయింది.

అలా వదిలివేయడానికి కారణం ఉంది. వాన లిల్లీ, మే పువ్వు, గట్ల మీద పెరిగే విషమూంగిలి, చలిదేశాల డాఫడిల్ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. ఈ కుటుంబంలోని మొక్కలలో లైకోరిన్ మొదలైన చేదు విషపదార్థాలు ఉంటాయి. తింటే వాంతులవుతాయి; ఎక్కువ తింటే ప్రాణానికే ముప్పు. ఆఫ్రికాలో కొన్నిచోట్ల మే పువ్వు గడ్డల రసాన్ని బాణాలకు పూసే విషంలో కలిపేవారు. నేలసంపెంగ పుట్టింది మెక్సికోలో. దాని కుటుంబం వేరు, దానికి ఈ రక్షణ లేదు. ఇంగ్లండులోని తోటమాలులు ఉడుతలతో పడే బాధ కూడా సరిగ్గా ఇదే. అవి తులిప్ గడ్డలను తవ్వుకొని తింటాయి, డాఫడిల్ జోలికి పోవు. తులిప్ గడ్డను మనుషులు సైతం తిన్న సందర్భం ఒకటి ఉంది. రెండవ ప్రపంచయుద్ధం చివరి దశలో, 1944–45 శీతాకాలంలో, నెదర్లాండ్స్ ప్రజలు ఆకలికి తాళలేక పూల కోసం పెంచిన తులిప్ గడ్డలను ఉడకబెట్టుకొని తిన్నారు. పొలం మునిగిన పందికొక్కుది కూడా ఆకలే. దానిని దొంగ అనడం మన సౌకర్యం కోసం.

విషం ఒక్కటే ఈ గడ్డలను కాపాడదు. అనేక లశున జాతులకు ముడుచుకొనే వేళ్ళుంటాయి. అవి లోతుకు దిగి, మట్టిని పట్టుకొని, ఆ తరువాత కుంచించుకొని గడ్డను ఏడాదికి కొంత చొప్పున కిందికి లాగుతాయి. గడ్డ చుట్టూ పిల్లగడ్డలు పుడతాయి. పెద్దదానిని ఎవరు పెకలించినా, పిల్లలలో ఏదో ఒకటి రాలి మట్టిలో పడుతుంది. తవ్వే జంతువే విత్తే జంతువవుతుంది. ఇది ఊహ కాదు. మన అడవులలోనూ ఉండే ఏదుపంది ఇజ్రాయెల్ దేశపు నెగెవ్ ఎడారిలో కూడా ఉంది. దుంపల కోసం అది తవ్విన గోతులను యిట్జాక్ గుటర్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి పరిశీలించాడు. ఆ గోతులలో వాననీరు నిలిచి, గాలికి కొట్టుకువచ్చిన విత్తనాలు చేరి, చుట్టూ ఉన్న నేలలో కంటె ఎక్కువ మొక్కలు మొలిచాయి. అది సగం తిని వదిలిన దుంపలు తిరిగి చిగిర్చాయి.

పుస్తకాలలో ఇదంతా ఉంది. అయినా పెరటిలో అయిదు గడ్డలకు దొరికినవి రెండే. మిగిలిన మూడు ఏమయినవో తెలియలేదు.

కాటు పడిన రెండింటికీ కుర్రవాడు బూడిద అద్ది, నీడన ఆరబెట్టి, తిరిగి నాటాడు. ఈసారి మడి అడుగున, అంచుల వెంబడి సన్నకన్ను ఇనుప వల పరిచాడు. పైన పాత ఇటుకముక్కలు, లోకోషెడ్డు కాలం నుండి ఊరిలో అక్కడక్కడ మిగిలిన కాలిన బొగ్గు పెళ్ళలు కలిపిన మట్టి పోశాడు. అటువంటి వదులు నేలలో సొరంగం నిలవదు, తవ్వగానే కూలిపోతుంది. నేలసంపెంగను మళ్ళీ కావలి నుండి తెచ్చి మట్టితొట్లలో పెట్టారు. పందికొక్కులు తిరిగి రావని ఎవరూ అనుకోలేదు. యానాది పెద్ద కూడా అలా చెప్పలేదు. కోతలయ్యాక ఒకసారి వచ్చి చూసి పోతానన్నాడు.

ఆ తరువాత చేయవలసినది ఏమీ లేకపోవడమే కష్టమయింది. పుష్యం, మాఘం, ఫాల్గుణం. మడి మీద మట్టి తప్ప ఏమీ లేదు. పెద్దాయనకు తవ్వి చూడాలనిపించేది. బతికి ఉందో కుళ్ళిపోయిందో ఒకసారి చూస్తే పోలేదా అని ఫోనులో మనవడిని అడిగేవారు. “తాతా, నిద్రలో ఉన్న గడ్డను కదిలిస్తే వేళ్ళు తెగుతాయి. అమ్మమ్మ ఎప్పుడైనా తవ్వి చూసిందా?” అని కుర్రవాడు ఎదురు ప్రశ్న వేసేవాడు. సిగ్నలు పడే వరకు గంటల తరబడి ఇంజను నిలిపి కూర్చోవడం అలవాటైన మనిషి ఆయన. ఎదురుచూడడం ఆయనకు కొత్త కాదు. కాని సిగ్నలుకు స్తంభమైనా ఉంటుంది. ఇక్కడ చూపు నిలపడానికి ఒక ఎండుటాకైనా లేదు. చైత్రంలో ఆయన అటక మీది పాత క్యాలెండర్లను దించి, సున్నా చుట్టిన తేదీలను వరుసగా ఒక కాగితం మీద రాసుకొన్నారు. తొందరగా పూసిన ఏడు ఏప్రిల్ చివర ఉంది. ఆలస్యమయిన ఏడు జూన్ మొదటివారం దాటలేదు.

మే నెల మూడవ వారంలో ఒక సాయంత్రం ఉరుములతో జల్లు పడింది. అయిదవ నాటికి వాన లిల్లీలు లేచాయి. మడిలో మాత్రమే కాదు. బావి చప్టా పక్కన, కాలువ అంచున, తులసికోట వెనుక, పందికొక్కు కొత్తమట్టి పోసిన ప్రతి చోట గులాబి రంగు పూలు గుంపులుగా ఉన్నాయి. ఎవరూ నాటని వరుసలు. తొమ్మిదవ నాడు ఇనుప వల వేసిన మడిలో ఒక మొన పైకి వచ్చింది. కాటు పడిన గడ్డ కనుక కాడ కాస్త పక్కకు ఒరిగింది, బంతి ప్రతి ఏటికంటె చిన్నది. రెండవ గడ్డ ఆకు వేసింది గాని పూయలేదు. గాయపడిన గడ్డ ఆ ఏడు బలం కూడగట్టుకొని మరుసటి ఏడు పూయడం సహజమని కుర్రవాడు ధైర్యం చెప్పాడు. పెద్దాయన కొత్త క్యాలెండరు తీసి, ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టారు.

జూన్ మొదటివారంలో పాలు పోసే మనిషి ప్రహరీగోడ అవతలి నుండి పిలిచాడు. కార్తికంలో బురదమట్టిని ఎత్తి పోసిన దిబ్బ మీద, పల్లేరు మొక్కల నడుమ, మరొక మే పువ్వు విచ్చి ఉంది. దొరకని మూడింటిలో అది ఒకటి. నిండుగా, ఏ గాటూ లేకుండా, పిడికిలికి రెండింతలుంది. దానిని పెకలించి లోపలికి తెద్దామని కూతురు అన్నది. పెద్దాయన ఒప్పుకోలేదు. దిబ్బ చుట్టూ నాలుగు పాత ఇటుకలు నిలబెట్టి, గేదెను అక్కడ కట్టవద్దని పాలమనిషికి చెప్పి లోపలికి వచ్చారు.